హాకీ లీగుని గంపగుత్తగా కొనేస్తామన్నారట, అసలు అమ్మేదెవరు?

పర్లాకిమిడి చిన్నోడు:

మొన్న రాత్రి టొరంటోలో ఉన్న మా బామ్మర్దితో ఫోన్లో మొదలైంది ఈ గొడవ. నేను హాకీ ఇండియా లీగ్ గురించి ఏదో చెప్తుంటే వాడు మధ్యలో అడ్డొచ్చి "బావా, ఇక్కడ ఒకప్పుడు ఒక కంపెనీ లీగు మొత్తానికే బేరం పెట్టింది తెలుసా" అన్నాడు. కోతలు కోస్తున్నాడనుకున్నా. తర్వాత వెతికితే నిజమే. 2005 మార్చి 1న బెయిన్ క్యాపిటల్ అనే బోస్టన్ పెట్టుబడి సంస్థ, గేమ్ ప్లాన్ ఇంటర్నేషనల్ అనే ఇంకో కంపెనీని వెంటబెట్టుకుని, అమెరికా, కెనడా టీములు ఆడే నేషనల్ హాకీ లీగ్‌లో అప్పుడున్న 30 టీముల్నీ గంపగుత్తగా కొంటామని న్యూయార్క్‌లో ఓనర్ల మీటింగ్‌కి వెళ్లి చెప్పింది. సుమారు 350 కోట్ల డాలర్లని అప్పటి పత్రికల్లో వచ్చింది. అప్పటి రూపాయి లెక్కన పదిహేను వేల కోట్ల పైమాటే. ఓనర్లు ఒప్పుకోలేదు.

ముందే చెప్తున్నా, ఇది మన హాకీ కాదు, ఐస్ మీద ఆడేది. వాళ్లకి హాకీ అంటే అదే.

టీముని కొనడం నాకు అర్థమవుతుంది. 2021లో సీవీసీ అనే పెట్టుబడి సంస్థ 5,625 కోట్లు పెట్టి ఐపీఎల్‌లో అహ్మదాబాద్ టీముని తీసుకుంది, అందరం చూశాం. లీగు మొత్తం కొనడమంటే ఏంటి మరి? మా ఊరి నుంచి బరంపురం తిరిగే ప్రైవేటు బస్సులన్నీ ఒక్కడే కొనేసినట్టా? బస్సులైతే ఒకడివైనా పదిమందివైనా మనకి సీటు దొరికితే చాలు. ఆట అలా కాదు కదా. కోడిపందెంలో రెండు పుంజులూ ఒకడివే అయితే పందెం ఎవడు కాస్తాడు? ఇంకోటి, నష్టాలు నష్టాలు అని గోల పెడుతున్న ఓనర్లు అంత డబ్బు ఎదురొస్తే ఎందుకు కాదన్నారు? దీనికి మావాడు "ఇగో బావా" అని ఒక్క ముక్క చెప్పి పడుకున్నాడు. తెలిసినవాళ్లు కొంచెం విడమరిచి చెప్పండి.

బరంపురం బాకీలోడు:

గురూ, ముందు నీ బస్సుల పోలిక దగ్గర ఆగాలి. ఒక బస్సు ఓనరు పక్కవాడి బస్సు ఆగిపోతే పండగ చేసుకుంటాడు. హాకీ టీము ఓనరుకి పక్క టీము లేకపోతే అమ్ముకోవడానికి సరుకే లేదు. అంటే వాళ్లు పోటీదారులే, భాగస్తులే. ఈ తిరకాసు అర్థమైతే మిగతాదంతా దానంతట అదే విడిపోతుంది.

ఎవరు అమ్ముతారు అన్నావు. అక్కడ లీగు అనేది పైనుంచి ఎవడో పెట్టిన కంపెనీ కాదు, ఓనర్లంతా, అప్పటికి 30 మంది, కలిసి నడుపుకునే సంఘం లాంటిది. కమిషనర్ గ్యారీ బెట్‌మన్ ఉన్నాడు గాని ఆయనా వాళ్లు పెట్టుకున్న మనిషే. కాబట్టి లీగు కొనాలంటే బెట్‌మన్‌తో బేరమాడి లాభం లేదు, ముప్పై మందీ తలా సంతకం పెట్టాలి. మన హాకీ ఇండియా లీగ్ దీనికి తిరగేసి ఉంటుంది. ఇక్కడ లీగు మన దేశంలో హాకీని నడిపే సంఘం హాకీ ఇండియా వాళ్లది, టీములు తీసుకున్నవాళ్లు పదేళ్లకి ఫ్రాంచైజీ రాయించుకున్నవాళ్లు. ఒకరకంగా అద్దెకున్నట్టే. అక్కడ మాత్రం అద్దెకున్నవాళ్లే ఇంటివాళ్లు.

ఇక అప్పుడు వాళ్ల పరిస్థితి. 2002-03 సీజన్లో లీగు మొత్తం మీద 27.3 కోట్ల డాలర్ల నష్టం అని ఆర్థర్ లెవిట్ అనే ఆయన చేత లెక్క వేయించారు, ఈయన అంతకుముందు అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థకి అధిపతి. వచ్చే ఆదాయంలో 75 శాతం ఆటగాళ్లకే పోతోందని ఆ రిపోర్టు. ఆటగాళ్ల సంఘం ఆ లెక్క నమ్మలేదు. ఎందుకు పోతోంది అంటే ముప్పై మంది ఓనర్లు ఒకే గోల్‌కీపర్ మీద పాట పాడతారు కాబట్టి. న్యూయార్క్ వాడి దగ్గర డబ్బు ఉంటుంది, పాడేస్తాడు. చిన్న ఊరివాడు కూడా అభిమానుల తిట్లకి భయపడి పాడతాడు, మునిగిపోతాడు. ఒట్టావా, బఫెలో టీములు రెండూ 2003లో దివాలా కోర్టుకి వెళ్లినవే.

బెయిన్ వాళ్ల ఉపాయమంతా ఇక్కడే ఉంది. కొనేవాడు ఒక్కడే అయితే పాట ఎవడితో పాడతాడు? ముప్పై ఆఫీసులు, ముప్పై మార్కెటింగ్ టీములు అక్కర్లేదు అని ఇంకొంచెం ఆదా. అసలు లాభం మాత్రం జీతాల దగ్గరే.

రాయగడ ఎర్రజెండా:

బాకీలోడు చెప్పింది బాగానే ఉంది గాని అసలు మాట మింగేశాడు. దాన్ని మా భాషలో సిండికేట్ అంటారు. బ్రాందీ షాపుల వాళ్లు చేస్తే మాత్రం పేపర్లో వేస్తారు, బోస్టన్ వాళ్లు సూటు వేసుకుని చేస్తే "ప్రతిపాదన" అంటారు. కోరాపుట్ వైపు కుందులి సంతకి ఎప్పుడైనా శుక్రవారం వెళ్లారా ఎవరైనా? విశాఖ వైపు నుంచి, రాయపూర్ వైపు నుంచి బేరగాళ్లు లారీలేసుకుని పదిమంది దిగితే అల్లం తెచ్చిన ఆదివాసీ రైతు కాస్త నిలబడి మాట్లాడతాడు. ఆ పదిమందీ పొద్దున్నే టీ కొట్టు దగ్గర ఒక మాట అనుకుని వస్తే, సాయంత్రానికి ఆ రైతు ఎంతకిస్తే అంతకి పారేసి పోతాడు, బస్తా మళ్లీ మోసుకుని కొండెక్కలేడు కదా. ఆటగాడిదీ అదే పరిస్థితి, వాడికి ముప్పై ఏళ్లు దాటితే కాళ్లు అమ్ముడుపోవు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. అప్పుడు జరిగింది సమ్మె కాదు, లాకౌట్. 2004 సెప్టెంబర్ 16న గేటుకి తాళం వేసింది ఓనర్లు. 2005 ఫిబ్రవరి 16న సీజన్ మొత్తం రద్దు చేశారు. 1,230 మ్యాచులు పోయాయి. జీతాల గొడవ మీద ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్న పెద్ద లీగు ఉత్తర అమెరికాలో అంతకుముందు లేదు. వాళ్ల స్టాన్లీ కప్పు మీద ప్రతి ఏడాదీ గెలిచినవాళ్ల పేర్లు చెక్కుతారు, ఆ ఏడాదికి మాత్రం సీజన్ ఆడలేదు అని చెక్కి ఉంటుంది. అంతకుముందు కప్పు ఎవరికీ దక్కనిది 1919లో, అది ఫ్లూ జ్వరాల వల్ల.

నేను పనిచేసిన ఫ్యాక్టరీలోనూ ఒకసారి లాకౌట్ అయింది, పేరు చెప్పను. మూడో వారానికి ఊళ్లో కిరాణా కొట్టువాడు కూడా "మీ సమ్మె ఎప్పుడు విరమిస్తారు" అని అడిగేవాడు. తాళం వేసినవాడిని ఎవడూ అడగలేదు. అందుకే ఈ మాట మీద నాకు కోపం ఎక్కువ, ఏమనుకోకండి.

చూడండి, సీజన్ రద్దయింది ఫిబ్రవరి 16న. బెయిన్ వాళ్లు వచ్చింది మార్చి 1న. రెండు వారాలు కూడా కాలేదు. ఇల్లు కాలుతుంటే వాసాల బేరం ఆడటం అంటే ఇదే.

పర్లాకిమిడి చిన్నోడు:

అన్నా, కోపం సరే గాని, ఆ సీజన్ పోవడానికి తేడా ఎంతొచ్చిందో చెప్పు. మరీ ఎక్కువా?

రాయగడ ఎర్రజెండా:

చివర్లో ఓనర్లు ఒక్కో టీము జీతాలకి 4.25 కోట్ల డాలర్ల హద్దు పెడతామన్నారు, ఆటగాళ్లు 4.9 కోట్లు అన్నారు. టీముకి 65 లక్షల డాలర్ల దగ్గర తెగలేదు. దాని కోసం సీజన్ అంతా గంగలో కలిపారు.

రూర్కెలా కోడలు:

అన్నయ్యలూ, నేను పర్లాకిమిడి ఆడపిల్లనే, పెళ్లయ్యాక రూర్కెలా వచ్చాను. ఇక్కడ పిల్లలకి నడక రాకముందే హాకీ కర్ర పట్టుకోవడం వస్తుంది, మా పక్కింటి పిల్ల చేతిలో బొమ్మ చూసిన గుర్తు లేదు నాకు. 2024 డిసెంబర్ 28న మన హాకీ ఇండియా లీగ్ మళ్లీ మొదలైంది మా బిర్సా ముండా స్టేడియంలోనే. ఆ సీజన్ ఫైనల్లో హైదరాబాద్ తూఫాన్స్ 4-3 తో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడితే మా ఇంట్లో తెలుగు నోళ్లు మూతపడ్డాయి, మా అత్తగారు మాత్రం మిఠాయి తెప్పించారు. ఇంకో వింత, ఆ సీజన్లో విశాఖపట్నం పేరు మీద ఆడిన టీముకి పెట్టిన పేరు గోనాసిక. గోనాసిక అనే కొండ ఉన్నది మన ఒడిశాలో కెంఝర్ జిల్లాలో. సరిహద్దు వాళ్లకి తప్ప ఇంకెవరికి నవ్వొస్తుంది దీనికి.

సరే అసలు విషయం. లీగు మొత్తం కొనడం జరగని పని అన్నట్టు మాట్లాడుతున్నారు, ఒకసారి జరిగింది కూడా. ఆడవాళ్ల ఐస్ హాకీలో ప్రీమియర్ హాకీ ఫెడరేషన్ అని ఒక లీగు ఉండేది. 2023 జూన్ చివర్లో అమెరికా పెట్టుబడిదారు మార్క్ వాల్టర్ గ్రూపు, టెన్నిస్ బిల్లీ జీన్ కింగ్ వాళ్ల సంస్థ కలిసి దాన్ని మొత్తంగా కొనేసి, మూసేసి, 2024 జనవరి 1న పీడబ్ల్యూహెచ్ఎల్ (ప్రొఫెషనల్ విమెన్స్ హాకీ లీగ్) అని కొత్తది మొదలుపెట్టారు. మొదట ఆరు టీములు, ఆరూ ఒకే ఓనరువి. అంటే చిన్నోడన్నయ్య చెప్పిన రెండు పుంజులూ ఒకడివే. అయినా జనం విరగబడి వస్తున్నారు, తర్వాత వాంకూవర్, సియాటెల్ కూడా చేర్చారు.

అందులో చేదు కూడా ఉంది. పాత లీగులో అమ్మాయిలు రాయించుకున్న కాంట్రాక్టులన్నీ ఒక్క రోజుతో చెల్లకుండా పోయాయి. పాత లీగువాళ్లు ఆ ఏడాది టీముకి 15 లక్షల డాలర్లు జీతాలిస్తామని చెప్పి ఉన్నారు, దాన్ని నమ్ముకుని ఉద్యోగం మానేసిన వాళ్లూ ఉండి ఉంటారు. కాకపోతే కొత్త లీగులో ఆట మొదలు కాకముందే ఆటగాళ్ల సంఘంతో ఎనిమిదేళ్ల ఒప్పందం రాసుకున్నారు, కనీస జీతం 35 వేల డాలర్లతో మొదలైంది. ఎర్రజెండా అన్నయ్య చెప్పిన సిండికేటే, కానీ రైతుల సంఘంతో ముందే కాగితం రాసుకున్న సిండికేట్.

రాయగడ ఎర్రజెండా:

కాగితం ఉంటే నేనూ ఒప్పుకుంటానమ్మా. 2005లో బెయిన్ వాళ్లు ఆటగాళ్ల దగ్గరికి వెళ్లలేదు, ఓనర్ల దగ్గరికే వెళ్లారు.

బరంపురం బాకీలోడు:

చెల్లెమ్మ మంచి పాయింటు తెచ్చింది. అమెరికాలో సాకర్, అంటే మనం ఫుట్‌బాల్ అనే ఆట, లీగు ఎంఎల్ఎస్ కూడా 1996 నుంచి అలాగే, ఆటగాళ్ల కాంట్రాక్టులు లీగు పేరు మీదే ఉంటాయి. ఇదేం పద్ధతి అని ఆటగాళ్లు కోర్టుకెళ్లారు, 2002లో అప్పీల్లోనూ ఓడిపోయారు. తేడా ఎక్కడంటే అది పుట్టడమే ఒక్క కంపెనీగా పుట్టింది. దశాబ్దాలుగా విడివిడిగా పోటీ పడుతున్న ముప్పై మందిని తెచ్చి ఒక్కడి గొడుగు కింద కలిపితే గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే చట్టం వాళ్లు ఊరుకుంటారా? ఆటగాళ్ల సంఘం మర్నాడే కోర్టులో ఉండేది. ఐస్ హాకీకి బేస్‌బాల్‌కి ఉన్నట్టు ఆ చట్టం నుంచి మినహాయింపు లేదు.

ఇప్పుడు ఎందుకు కాదన్నారు అనే ప్రశ్న. 350 కోట్లని ముప్పైతో భాగించండి. సగటున టీముకి పదకొండున్నర కోట్ల డాలర్ల పైచిలుకు. అదే 2005లో అనాహైమ్ టీము ఏడున్నర కోట్లకి చేతులు మారింది. అంటే బలహీనమైన టీములకి బెయిన్ రేటు బంగారం. టొరంటో, న్యూయార్క్ లాంటి వాళ్లకి మాత్రం అది చిల్లర. చిన్నవాళ్లు మాత్రమే అమ్మితే బేరమే లేదు, అందరూ కావాలి. పెద్దవాళ్లు ఎందుకమ్ముతారు?

బామ్మర్ది చెప్పిన ఇగో కూడా ఉందిలే. కొంతమందికి టీము ఆస్తి కాదు, ప్రాణం. పిట్స్‌బర్గ్ టీము మారియో లెమ్యూ చేతిలో ఉండేది. ఈయన అక్కడే ఆడినవాడు. టీము దివాలా తీస్తే తనకి రావాల్సిన జీతం బాకీ కింద 1999లో టీమునే తీసుకున్నాడు, మళ్లీ తనే దిగి ఆడాడు కూడా. లాకౌట్ అప్పుడు ఆయన ఓనరూ, ఆటగాడూ. తాళం వేసినవాడూ ఆయనే, గేటు బయట నిలబడ్డవాడూ ఆయనే. అలాంటి మనిషికి బోస్టన్ నుంచి చెక్కు చూపిస్తే ఏమంటాడు.

అయితే నన్నడిగితే ఇగో కంటే పెద్ద కారణం ఇంకోటి. బెయిన్ వాళ్లు అమ్ముతానన్న మందు ఓనర్లకి ఆస్తి అమ్ముకోకుండానే దొరికింది. 2005 జూలైలో ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం కుదిరింది. టీము జీతాలకి 3.9 కోట్ల డాలర్ల హద్దు. ఆటగాళ్లు అంతకుముందు అడిగిన దానికంటే, ఓనర్లు ఇస్తామన్న దానికంటే కూడా తక్కువ. ఉన్న కాంట్రాక్టులన్నిటిలో 24 శాతం కోత. మొదటి ఏడాది ఆదాయంలో ఆటగాళ్ల వాటా 54 శాతం, అంటే లెవిట్ చెప్పిన 75 నుంచి ఎక్కడికి దిగిందో చూసుకోండి. ఒక్కడే కొంటే వచ్చే లాభమంతా ముప్పై మందీ కాగితం మీద తెచ్చుకున్నాక ఇంక అమ్మడం దేనికి?

రాయగడ ఎర్రజెండా:

అదే అంటున్నా. సిండికేట్ ఆగలేదు, సంఘం సంతకంతో చట్టబద్ధమైంది. సంఘం నాయకుడు బాబ్ గుడ్‌నౌ ఆ జూలైలోనే దిగిపోయాడు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, వాటా అని రాసుకున్నారు కాబట్టి ఆదాయం పెరిగితే హద్దూ పెరుగుతుంది. 2025-26 సీజన్‌కి అది 9.55 కోట్ల డాలర్లు. బెయిన్ చేతికి వెళ్లి ఉంటే ఈ పెరుగుదల ఎవడి జేబులో ఉండేదో చెప్పక్కర్లేదు.

జయపురం రిటైర్డు మాస్టారు:

బాబూ, మీరంతా పెట్టుబడి సంస్థ అంటే సూటు వేసుకున్న పదిమంది దొంగలన్నట్టు రాస్తున్నారు. ఆ డబ్బు ఎవరిదో కూడా చూడండి. ఇలాంటి సంస్థలు ఎక్కువగా తిప్పేది పెన్షన్ ఫండ్ల డబ్బు, విశ్వవిద్యాలయాల డబ్బు, బీమా డబ్బు. దానికి అప్పు కలిపి, కంపెనీ కొని, ఖర్చులు తగ్గించి, నాలుగేళ్లో ఏడేళ్లో ఆగి అమ్మేస్తారు. అమ్మేయడం అనేది ముఖ్యం. లీగుని కొన్నవాడు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇంకొకడికి అమ్మడానికే కొంటాడు, మనవడికి ఇవ్వడానికి కాదు. నాకు అభ్యంతరం అక్కడే ఉంది, మీకు జీతాల దగ్గర ఉంది.

ఇంకొకటి విన్నారా. ఆ 2005లో టొరంటో మేపుల్ లీఫ్స్ టీము ఉన్న కంపెనీలో పెద్ద వాటా ఎవరిదో తెలుసా? ఒంటారియో టీచర్ల పెన్షన్ ఫండుది. పాఠాలు చెప్పుకునే మాస్టార్ల పెన్షన్ డబ్బు. అంటే బెయిన్ వచ్చి అడిగిన ఓనర్లలో మావాళ్లు కూడా ఉన్నారన్నమాట. నేను ముప్పై నాలుగేళ్లు బడిలో పనిచేసి పెన్షన్ కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ పదకొండు నెలలు తిరిగాను, అక్కడి మాస్టార్లు హాకీ టీములు ఏలుతున్నారు.

రూర్కెలా కోడలు:

మాస్టారూ, అయితే వాళ్లు అమ్మకపోవడం మంచిదైందా, చెడ్డదైందా?

జయపురం రిటైర్డు మాస్టారు:

నువ్వే చెప్పమ్మా. 2012లో తమ వాటా మొత్తం బెల్, రోజర్స్ అనే రెండు టెలిఫోన్ కంపెనీలకి 132 కోట్ల కెనడా డాలర్లకి అమ్మారు. అందులో బాస్కెట్‌బాల్ టీమూ, స్టేడియమూ కలిసే ఉన్నాయనుకో. అయినా 2005లో మొత్తం ముప్పై టీములకి కలిపి వచ్చిన బేరం 350 కోట్లు.

బరంపురం బాకీలోడు:

మాస్టారు నా పని తేలిక చేశారు. 2018లో సియాటెల్ వాళ్లు ఒక కొత్త టీము పెట్టుకోవడానికి లీగుకి కట్టిన ఫీజే 65 కోట్ల డాలర్లు. చేతిలో ఒక్క ఆటగాడు లేడు, లోపలికి రావడానికి టికెట్టు అది. 2024లో టాంపా బే టీము 180 కోట్ల లెక్కన చేతులు మారింది. రెండు టాంపాలు అమ్మితే 2005 బేరం మొత్తం వచ్చేసి ఇంకా మిగులుతుంది. ఇప్పుడు ఆ లీగు పెట్టుబడి సంస్థల్ని రానిస్తోంది గాని ఒక టీములో వాటికి 30 శాతం మించి ఇవ్వదు. కొసరు తినండి, అసలు ముట్టుకోకండి అని.

చిన్నోడూ, మన లీగుని ఎవడైనా ఇలా కొంటాడా అని కూడా నీ మనసులో ఉన్నట్టుంది. కొనడానికి లాభం కనపడాలి కదా. బెయిన్ బేరం నడిచిన అదే 2005లో గచ్చిబౌలిలో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది, మొదటి కప్పు హైదరాబాద్ సుల్తాన్స్ కొట్టింది, 2008 తర్వాత దాని పేరు లేదు. హాకీ ఇండియా లీగ్ 2013లో వచ్చి 2017లో ఆగి ఏడేళ్లు పడుకుంది. మన దగ్గర హాకీకి డబ్బు పెడుతున్నది పెట్టుబడి సంస్థలు కాదు, 2018 నుంచి భారత జట్లకి స్పాన్సరు ఒడిశా ప్రభుత్వం. ఆ లెక్కన నీ పన్నులో పైసా ఆ జెర్సీ మీద ఉంది, నువ్వూ ఓనరువే పో.

పర్లాకిమిడి చిన్నోడు:

నేను ఓనరునైతే ముందు మా గజపతి జిల్లాలో ఒక మంచి టర్ఫు గ్రౌండు వేయించేవాణ్ణి, అన్నీ సుందర్‌గఢ్ వైపే పోతున్నాయి. అది వేరే గొడవ.

అందరికీ థాంక్స్. పుంజుల అనుమానం తీరింది, ఆడవాళ్ల లీగు సంగతి అసలు తెలీదు నాకు. ఎర్రజెండా అన్న చెప్పిన కుందులి సంత మాట మాత్రం బుర్రలోంచి పోవట్లేదు. మాస్టారూ, మీకో విషయం చెప్పాలి. మా బామ్మర్ది భార్య టొరంటోలో ప్రభుత్వ బళ్లో టీచరు, 2006లో చేరింది. అంటే వాడు ఏ టీముని రోజూ తిడుతూ మ్యాచులు చూసేవాడో ఆ టీములో ఆరేళ్లు వాళ్లావిడ పెన్షన్ డబ్బు ఉందన్నమాట. ఇగో అట ఇగో. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా, అక్కడ ఇంకా తెల్లారి ఉండదు, అయినా సరే.